కెర్నెల్ మెమరీ నమూనా: అరుదైన యంత్రాలకు ఎంపిక

యంత్రంలో భౌతిక మెమరీ ఏయే చిరునామాల దగ్గర ఉంది, అందులో ఏ ముక్క ఎవరి చేతిలో ఉంది అన్న లెక్కను ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ రాసుకునే పద్ధతిని మెమరీ నమూనా అంటారు. ఇదే పేరుతో ఇంకో విషయం కూడా ఉంది. ఒకే మెమరీని పంచుకునే ప్రాసెసర్లలో ఒకటి రాసింది మరొకదానికి ఏ వరసలో కనబడాలో చెప్పే నియమాలవి. ఈ వ్యాసం వాటి జోలికి పోదు. కెర్నెల్ మెమరీని పేజీలుగా కోస్తుంది. పేజీ అంటే చాలా యంత్రాల్లో 4 కిలోబైట్లు. ప్రతి పేజీకీ తన పుస్తకంలో ఒక పద్దు రాసుకుంటుంది: ఇది ఖాళీయా, వాడకంలో ఉందా, ఎందరు వాడుతున్నారు అని. 64 బిట్ల లైనక్స్‌లో ఈ పద్దు సాధారణంగా 64 బైట్లు. ఒక గిగాబైటు మెమరీలో 2,62,144 పేజీలుంటాయి కనుక పద్దులకే 16 మెగాబైట్లు, అంటే మెమరీలో 64వ వంతు, పోతుంది. మెమరీ ఉన్నచోట ఈ ఖర్చు తప్పదు. మెమరీ లేని చిరునామాకు కూడా పద్దు రాయాలా, వద్దా అన్నదే నమూనా ఎంపికలో అసలు ప్రశ్న. సర్వర్లకూ ఇళ్లలోని కంప్యూటర్లకూ దీని జవాబు ఎప్పుడో కుదిరిపోయింది. అరుదైన యంత్రాల దగ్గరే చిక్కు మిగిలింది. అలాంటి యంత్రానికి దాని కొలతలతో సొంత నమూనా కుట్టి ఇవ్వడం కంటే, పదిమంది వాడే నమూనానే ఇచ్చి ఆ యంత్రపు వింతలను రెండు మూడు అంకెల్లోకి కుదించడం మేలని గత పాతికేళ్ల లైనక్స్ చరిత్ర చూపిస్తోంది. ఆ మేలుకు ఒక హద్దు ఉందని కూడా అదే చరిత్ర చూపిస్తోంది.

కృష్ణా డెల్టాలో పొలం లెక్కలు చూసినవారికి ఈ ప్రశ్న కొత్తగా అనిపించదు. ఊరి అడంగల్లో ప్రతి సర్వే నంబరుకూ ఒక వరస ఉంటుంది; విస్తీర్ణం ఎంత, పైరు ఏమిటి, సాగుచేసేది ఎవరు అన్నవి అందులో ఉంటాయి. తెనాలి చుట్టూ కాలువ కింద మాగాణి గట్టు పక్కన గట్టుగా తెగకుండా సాగుతుంది. అక్కడ ఒకటో నంబరు నుంచి చివరిదాకా వరసగా రాసుకుంటూ పోతే ఒక్క గీతా వృథా కాదు. రేపల్లె వైపు నేల తీరు వేరు. పెనుమూడికి అవతల పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలుతుంది. నడుమ లంకలు, లంకల నడుమ నీళ్లు. ఆ ప్రాంతమంతటికీ ఒకే వరస అంకెలు వేసి, ఏటి మధ్యలో పడ్డ అంకెకు కూడా అడంగల్లో గీత వదలాలంటే పుస్తకంలో చాలా భాగం ఖాళీ కాగితమే అవుతుంది. వీటికి తోడు పోరంబోకు ఉంది. డొంకకూ, కాలువ గట్టుకూ, శ్మశానానికీ సాగుదారు ఉండడు. కానీ నేల ఉంది, నంబరు ఉంది, లెక్కలో గీతా ఉంది. కెర్నెల్‌కు కూడా ఈ తేడా ప్రాణం లాంటిది. ఫర్మ్‌వేర్ తనకని అట్టిపెట్టుకున్న మెమరీ పోరంబోకు: దానికి పద్దు రాయవచ్చు, ఎవరికీ పంచకూడదు. చిప్పే లేని చిరునామా ఏరు: అక్కడ చదవబోయినా ప్రమాదమే. పోరంబోకునూ ఏటినీ ఒకటిగా చూసిన కోడ్ ఎక్కడ ఉన్నా ఏదో ఒక రోజు యంత్రాన్ని పడగొడుతుంది.

లైనక్స్‌లో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే తేలికైనది ఫ్లాట్‌మెమ్, అంటే తెనాలి మాగాణి లెక్క. పద్దులన్నీ ఒకే పట్టికలో వరసగా ఉంటాయి. పేజీ నంబరులోంచి మొదటి పేజీ నంబరు తీసేస్తే పట్టికలో దాని స్థానం వచ్చేస్తుంది. ఆ ‘తీసేయడం’ అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అరుదైన యంత్రాలకు అదే మొదటి రక్ష. రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల బోర్డుల్లో చాలావాటికి మెమరీ సున్నా దగ్గర మొదలు కాదు, 2 గిగాబైట్ల చిరునామా దగ్గర మొదలవుతుంది. ఆ కింది చోటంతా పరికరాలకు వదిలేస్తారు. 256 మెగాబైట్ల బోర్డు ఒకటి తీసుకుందాం. దానికి నిజంగా కావలసిన పద్దులు 65,536. వాటికి 4 మెగాబైట్లు చాలు. లెక్కను సున్నా నుంచి మొదలుపెడితే మెమరీ లేని మొదటి 2 గిగాబైట్లకే 5,24,288 పద్దులు, అంటే 32 మెగాబైట్లు, పోతాయి. ఉన్న మెమరీలో ఎనిమిదో వంతు ఉత్తపుణ్యానికి చెల్లిపోయినట్టే. మొదటి నంబరు ఎంతో ఒక్క అంకెలో చెప్పుకుంటే ఈ నష్టం మొత్తం మాయమవుతుంది. కొత్త నమూనా అక్కర్లేదు, కొత్త కోడ్ అక్కర్లేదు.

ఖాళీ మొదట్లో కాక నడిమధ్యన ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. మోటరోలా 68000 కుటుంబపు ప్రాసెసర్లతో వచ్చిన అమిగా కంప్యూటర్లు దీనికి మంచి ఉదాహరణ. పెద్ద అమిగాల్లో బొమ్మలకూ శబ్దానికీ వాడే చిప్ మెమరీ 2 మెగాబైట్ల దాకా సున్నా దగ్గర ఉంటుంది. మదర్‌బోర్డు మీది వేగమైన మెమరీ 16 మెగాబైట్ల దాకా ఉండి 128 మెగాబైట్ల చిరునామా దగ్గర ముగుస్తుంది. మొత్తం మెమరీ 18 మెగాబైట్లు, పేజీలు 4,608. చదును లెక్కలో మాత్రం 32,768 పద్దులు రాయాలి. 32 బిట్ల యంత్రంలో పద్దును 32 బైట్లుగా తీసుకుంటే, 144 కిలోబైట్లతో సరిపోవలసిన చోట ఒక మెగాబైటు పోతుంది. సర్వర్‌లో ఒక మెగాబైటు ఎవరి కంటా పడదు. 18 మెగాబైట్ల యంత్రంలో అది పద్దెనిమిదో వంతు. మెమరీ ఎంత ఉందన్నది కాదు, ఎంత దూరాన చెదిరి ఉందన్నదే నమూనాను నిర్ణయిస్తుంది.

ఇలా చెదిరిన మెమరీ కోసం 1999లో వచ్చిన నమూనా డిస్‌కంటిగ్‌మెమ్. అది పుట్టింది మాత్రం చిన్న యంత్రాల కోసం కాదు. ఒక్కో ప్రాసెసర్ గుంపుకు దగ్గరగా కొంత మెమరీ, మిగిలినది దూరంగా ఉండే పెద్ద న్యూమా యంత్రాల కోసం. ఒక్కో గుంపును నోడ్ అన్నారు, ఒక్కో నోడ్‌కు వేరే పద్దుల పట్టిక ఇచ్చారు. ఊరికో అడంగల్ అన్నమాట. నడుమ ఖాళీలున్న చిన్న యంత్రాలవాళ్లకు ఇది అందివచ్చింది. నోడ్‌లు లేకపోయినా ప్రతి మెమరీ బ్యాంకునూ ఒక నోడ్‌గా చెప్పుకున్నారు. మధ్యలో ఏరు అడ్డం వచ్చిందని ప్రతి లంకనూ వేరే రెవెన్యూ గ్రామంగా ప్రకటించడం లాంటిదిది. సినాప్సిస్ వారి ఆర్క్ ప్రాసెసర్లలో ఈ అవసరం మరీ విచిత్రంగా వచ్చింది. కెర్నెల్ నేరుగా చూసే దిగువ మెమరీ 2 గిగాబైట్ల చిరునామా దగ్గరా, ‘ఎగువ’ అని పేరున్న మెమరీ దానికంటే కింద, సున్నా దగ్గరా ఉన్న బోర్డులు వచ్చాయి. ఎగువది ఎగువనే ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన ఫ్లాట్‌మెమ్‌కు ఇది పొసగలేదు. దాన్ని రెండో నోడ్‌గా చూపించి గట్టెక్కారు.

ఈ అరువు ఖరీదు 2011లో బయటపడింది. హ్యూలెట్-పాకార్డ్ వారి పీఏ-రిస్క్ యంత్రాలు న్యూమా కాకుండానే డిస్‌కంటిగ్‌మెమ్ వాడేవి. స్లబ్ అనే మెమరీ కేటాయింపు కోడ్‌ను రాసినవారు, న్యూమా లేదంటే ఉన్నది ఒకే నోడ్ అనుకున్నారు. ఆ అనుకోవడంలో తప్పేమీ లేదు. వారి చేతిలోని ప్రతి యంత్రంలోనూ అది నిజమే. పీఏ-రిస్క్ మీద అది నిజం కాలేదు, కెర్నెల్ కూలింది. అప్పటికి చేసిన పరిష్కారం, న్యూమా లేనిచోట స్లబ్‌నూ డిస్‌కంటిగ్‌మెమ్‌నూ కలపడాన్ని నిషేధించడం. అరుదైన నమూనా అంటే అరుదుగా పరీక్షించే కోడ్ అని అర్థం. కెర్నెల్‌లో మెమరీ కోడ్ రాసేవారు వందలమంది, వారిలో ఈ నమూనాతో నడిపి చూసేవారు వేళ్ల మీద లెక్కించదగినవారు. తప్పు రాసినవారికి తప్పు రాశామని తెలిసే దారే ఉండదు. పీఏ-రిస్క్ చివరికి 2019లో ఈ నమూనాను వదిలేసింది.

అది వెళ్లి చేరింది 2005లో వచ్చిన స్పార్స్‌మెమ్ దగ్గరికి. దీన్ని అడంగల్ కంటే సర్వే ఆఫ్ ఇండియా పటాలతో పోల్చడం సరిగ్గా ఉంటుంది. ఆ పటాల కొలత ముందే ఖాయం. ఊరి పొలిమేరతో, నది మలుపుతో పని లేదు. నేల ఉన్న కాగితాన్ని అచ్చువేస్తారు, అచ్చంగా సముద్రమే పడే గడికి కాగితం ఉండదు. బాపట్ల తీరం పడ్డ కాగితంలో కొంత నేల, మిగిలినది సముద్రం. ఆ నీలిరంగు చోటుకు కూడా కాగితం ఖర్చయినట్టే. స్పార్స్‌మెమ్ చిరునామాలన్నిటినీ సమానమైన సెక్షన్లుగా కోసి, మెమరీ ఉన్న సెక్షన్‌కే పద్దుల పట్టిక ఇస్తుంది. కాబట్టి ఇందులో నిర్ణయమంతా సెక్షన్ ఎంత పెద్దదన్న ఒక్క అంకెలో ఉంది. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లలో అది మొదట ఒక గిగాబైటు. 256 మెగాబైట్లున్న బోర్డుకు కూడా గిగాబైటు సరిపడా 16 మెగాబైట్ల పద్దులు కట్టవలసి వచ్చేది. 2021లో దాన్ని, 4 కిలోబైట్ల పేజీలు వాడేచోట, 128 మెగాబైట్లకు తగ్గించారు. ఆ అంకె ఊరికే పుట్టలేదు. 128 మెగాబైట్లకు కావలసిన పద్దులు సరిగ్గా 2 మెగాబైట్లు; దాన్ని పేజీ పట్టికలో ఒకే పెద్ద ముక్కగా అమర్చవచ్చు. రిస్క్-ఫైవ్‌కు 2019లో స్పార్స్‌మెమ్ వచ్చినప్పుడు కూడా సెక్షన్ 128 మెగాబైట్లే.

అన్నిటికీ స్పార్స్‌మెమ్ ఇచ్చేస్తే పోదా అన్న ప్రశ్నకు 2020-21లో ఐబీఎం ఇంజనీరు మైక్ రాపోపోర్ట్ చేసిన పని మంచి సమాధానం. డిస్‌కంటిగ్‌మెమ్‌ను అప్పటికి నాలుగు రకాల యంత్రాలే వాడుతున్నాయి: ఆల్ఫా, ఇటానియం, ఆర్క్, మోటరోలా 68000 కుటుంబం. మొదటి రెండూ 64 బిట్లవి. వాటిని స్పార్స్‌మెమ్‌కు మార్చడం సులువుగా జరిగిపోయింది. 32 బిట్ల ఆర్క్, 68000ల దగ్గర అది నష్టమని ఆయన తేల్చారు. స్పార్స్‌మెమ్ సాదా రూపంలో, పద్దు ఏ సెక్షన్‌దో ఆ పద్దులోని జెండాల మాటలోనే, అంటే పేజీ స్థితిని బిట్లుగా దాచుకునే అంకెలోనే, రాసుకోవాలి. 32 బిట్ల యంత్రంలో ఆ మాటకున్నవి 32 బిట్లే, వాటిలో చాలా భాగం అప్పటికే వాడకంలో ఉంటాయి. పై అమిగా లెక్కే మళ్లీ చూద్దాం. సెక్షన్ 128 మెగాబైట్లయితే ఒకే సెక్షన్ సున్నా నుంచి 128 దాకా కప్పేస్తుంది, మెగాబైటు ఖర్చు మెగాబైటుగానే ఉంటుంది, లాభం సున్నా. సెక్షన్‌ను 16 మెగాబైట్లకు తగ్గిస్తే రెండు సెక్షన్లతో 256 కిలోబైట్లకు దిగుతుంది. కానీ 4 గిగాబైట్ల చిరునామాలకు 256 సెక్షన్లు, అంటే జెండాల మాటలో 8 బిట్లు కావాలి. అంత చోటు దొరకదు. అందుకని ఆ రెండు యంత్రాలకూ ఫ్లాట్‌మెమ్‌నే ఉంచి, 32 బిట్ల ఆర్మ్ చాలాకాలంగా వాడుతున్న ఉపాయాన్ని అందరికీ పనికొచ్చేలా చేశారు. ముందు పట్టిక మొత్తం వేసి, ఆ తర్వాత ఖాళీలకు ఎదురుగా ఉన్న పద్దుల చోటును కోసి మెమరీకి తిరిగి ఇచ్చేయడమే ఆ ఉపాయం. డిస్‌కంటిగ్‌మెమ్ 2021 ఆగస్టులో వచ్చిన 5.14 కెర్నెల్‌తో పూర్తిగా కనుమరుగైంది.

నేను మొదట చెప్పిన హద్దు ఇక్కడే ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం సరికాదు. కోసేసిన పట్టిక అంటే చదును పట్టికలో గోతులు. పట్టిక తెగకుండా ఉందనుకుని దాని వెంట నడిచే కోడ్ ఆ గోతుల్లో పడుతుంది. 2021లోనే ఆ కోతను పేజీల దిమ్మల హద్దులకు సర్దవలసి వచ్చింది, ఆర్మ్‌లో ‘ఈ పేజీకి పద్దు ఉందా’ అని చూసే పరీక్షనూ దానికి తగ్గట్టు మార్చవలసి వచ్చింది. అయినా ఈ ఉపాయం నా వాదానికే బలం. ఆర్మ్ ఒక్కటే వాడినంతకాలం అది ఆర్మ్ గూట్లో దాగిన ప్రత్యేక కోడ్. మూడు రకాల యంత్రాల ఉమ్మడి సొత్తు అయ్యాక దానిలోని లోపాలు బయటపడ్డాయి, ఒకేచోట సరిదిద్దడమూ కుదిరింది.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. హైదరాబాద్‌లో 1988లో డీఆర్‌డీఓ నెలకొల్పిన అనురాగ్ ప్రయోగశాల గాలి ప్రవాహాల లెక్కల కోసం పేస్ అనే సమాంతర కంప్యూటరును కట్టింది. దాని తొలి రూపంలో వాడింది మోటరోలా 68020, పైన చెప్పిన 68000 కుటుంబంలోదే. ఆ చిప్‌లో మెమరీ నిర్వహణ విభాగం, అంటే ఎంఎంయూ, లేదు; కావాలంటే విడిగా చేర్చుకోవాలి. అదే ప్రయోగశాల తర్వాత 33 మెగాహెర్ట్జ్‌ల అనుపమ అనే 32 బిట్ల రిస్క్ ప్రాసెసర్‌ను రూపొందించింది. ఆ మూలం చుట్టూ ఎంఎంయూ, రెండంచెల క్యాషె, దశాంశ లెక్కల విభాగం, ఎస్‌డీర్యామ్ నియంత్రణ చేర్చి అబాకస్ తయారుచేసి దాని మీదికి లైనక్స్‌ను తెచ్చారు. అనుపమకూ అబాకస్‌కూ నడుమ ఉన్న గీతే మెమరీ నమూనా ఎంపికలో మొదటి గీత. ఎంఎంయూ లేనిచోట పేజీల చిరునామాలను మార్చి అమర్చే వీలు లేదు. స్పార్స్‌మెమ్‌లో వేగమైన రూపం పద్దుల ముక్కలన్నిటినీ వర్చువల్ చిరునామాల్లో తెగని పట్టికలా కనిపించేలా అమర్చుతుంది. ఎంఎంయూ లేకుండా అది అసాధ్యం, సాధారణంగా మిగిలేది ఫ్లాట్‌మెమే.

నేటి దేశీయ చిప్‌లలో ఈ గీత ఇంకా స్పష్టం. ఐఐటీ మద్రాస్‌లో శక్తి పేరుతో రూపొందుతున్న రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల నుంచి 2018లో రైజ్‌క్రీక్, రిమో, 2020లో మౌషిక్ చిప్‌లు వచ్చాయి. తిరువనంతపురంలోని సీ-డాక్ వేగ ప్రాసెసర్లను తెచ్చింది. వాటిలో ఏరీస్ బోర్డుల మీద కనిపించే తేజస్32లో ఉన్నది 256 కిలోబైట్ల మెమరీ. నిజాంపట్నం, రేపల్లె వైపు రొయ్యల చెరువు గట్టున నీటిలో ఆక్సిజన్ చూసే పరికరం పెట్టాలనుకునే విద్యార్థి ముందు నమూనా ఎంపిక ఇలా నిలుస్తుంది. తేజస్32 లాంటి చిప్ అయితే లైనక్స్ ప్రసక్తే లేదు. 256 కిలోబైట్లలో ఉన్నవి 64 పేజీలే, పేజీ పద్దులు రాయడమే దండగ. ఫ్రీఆర్టాస్ లాంటి చిన్న కెర్నెల్, ఒకే చదును చిరునామాల వరస అక్కడ సరైన పని. చెరువులన్నిటి లెక్కలూ ఒకచోట చేర్చే 64 బిట్ల రిస్క్-ఫైవ్ బోర్డు అయితే, మెమరీ ఒకే ముక్కగా ఉన్నంతకాలం ఫ్లాట్‌మెమ్ చాలు. బోర్డు రూపకర్త రెండో మెమరీ బ్యాంకును 4 గిగాబైట్ల పైన ఎక్కడో పెడితే స్పార్స్‌మెమ్‌కు మారాలి. ఆ రెండింటికీ మధ్య మూడోదాన్ని కల్పించాలన్న ఆశ ఏ దశలోనూ అవసరం లేదు.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం వేగం. పేజీ నంబరు నుంచి పద్దుకు వెళ్లడం కెర్నెల్ క్షణానికి లక్షల సార్లు చేసే పని, ఫ్లాట్‌మెమ్‌లో అది ఒక కూడిక. సాదా స్పార్స్‌మెమ్‌లో ముందు సెక్షన్‌ను వెతకాలి. ఆర్క్‌ను ఫ్లాట్‌మెమ్‌లో ఉంచడానికి ఆ తేడా కూడా ఒక కారణం. 64 బిట్ల యంత్రాల్లో మాత్రం ఈ అభ్యంతరం నిలవదు. 2007 నుంచి ఉన్న, పైన చెప్పిన వర్చువల్ పట్టిక రూపంలో అదీ ఒక కూడికే. వెతుకులాటను ఎంఎంయూ మోస్తుంది, అది ఎలాగూ ప్రతి చిరునామాకూ ఆ పని చేస్తూనే ఉంది.

రెండో అభ్యంతరం న్యాయానికి సంబంధించినది, దానికి నేను ఎక్కువ బరువిస్తాను. ఉమ్మడి నమూనా అంటే ఎవరి అవసరాల ఉమ్మడి? కోడ్ రాసేవారిలో ఎక్కువమంది పెద్ద సర్వర్ల మీద పనికి జీతాలిచ్చే సంస్థల్లో ఉంటారు. టెరాబైట్ల మెమరీకి అనువైన నిర్ణయం 16 మెగాబైట్ల యంత్రాన్ని తొక్కేస్తుంది, తొక్కిన సంగతి కూడా వారికి తెలియదు. ఆర్మ్ గిగాబైటు సెక్షన్ చిన్న బోర్డులకు చేసిందీ అలాంటిదే. అయితే దీనికి మందు వేరే నమూనా కాదు. సొంత నమూనా పెట్టుకున్న చిన్న యంత్రం ఉమ్మడి చర్చలోంచే తప్పుకుంటుంది, పీఏ-రిస్క్‌కు జరిగింది అదే. ఉమ్మడి నమూనాలో ఉండి, సెక్షన్ కొలతనూ మొదటి పేజీ నంబరునూ ఖాళీల కోతనూ తన యంత్రానికి తగ్గట్టు పెట్టించుకున్నవారి గోడే వినబడింది. ఆ గిగాబైటును 128 మెగాబైట్లకు దించింది వేరే నమూనా కాదు, అదే నమూనాలోని ఒక అంకె మీద వచ్చిన ఫిర్యాదు.

ఆచరణలో నమూనా ఎంపికకు ముందు చూడవలసిన కాగితం కెర్నెల్‌లో కూడా లేదు. బోర్డుతో వచ్చే డివైస్ ట్రీలో మెమరీ ఏ చిరునామా నుంచి ఎంత, అందులో ఏ ముక్కలు ఫర్మ్‌వేర్‌కు అట్టిపెట్టినవి అని రాసి ఉంటుంది. కెర్నెల్ తన పద్దుల పుస్తకాన్ని తెరిచేముందు నమ్మేది ఆ రెండు జాబితాలనే. అరుదైన బోర్డుల్లో ఆ జాబితా తరచు ఒక్కరు రాసి, ఒక్కసారే పరీక్షించినదై ఉంటుంది. అట్టిపెట్టిన ముక్కను అందులో రాయడం మరిచిపోతే కెర్నెల్ పోరంబోకును పట్టా భూమిలా పంచేస్తుంది. మెమరీ పొడవును ఒక సున్నా ఎక్కువగా రాస్తే ఏటి మధ్యలో సర్వే రాయి పాతుతుంది. అలాంటి బోర్డు మీద ఫ్లాట్‌మెమ్ పెట్టినా స్పార్స్‌మెమ్ పెట్టినా యంత్రం లేచే మొదటి క్షణాల్లోనే ఆగిపోవచ్చు, ఆ ఆగడానికి కారణం నమూనాలో వెతికితే దొరకదు.